పట్టేసిన స్టీరింగు

ఆ తాటిమట్ట ఇలా అందుకోరా చిన్నోడా. పచ్చిదేమో చూడు. పచ్చిది వేస్తే పొగ నాకు, నవ్వు మీకు. ఆఁ, ఇప్పుడు దగ్గరికి జరగండి. లాంచీ కథ చెప్పమన్నారుగా, చెప్తాను. దెయ్యాలూ దొంగలూ ఉండరు, ముందే చెప్తున్నా. ఒక చక్రం, ఒక నట్టు, ఒక మేస్త్రీ. తర్వాత మోసం చేశావు తాతా అనొద్దు.

ముందు ఆ రోజుల గోదారి మీకు తెలియాలి. ఇప్పుడు రాజమండ్రి నుంచి కొవ్వూరు వెళ్ళాలంటే బస్సెక్కి కూర్చుంటారు, రెండు కబుర్లు చెప్పుకునేలోగా అవతలి గట్టు వచ్చేస్తుంది. 1974లో రోడ్డూ రైలూ కలిసిన వంతెన వచ్చేదాకా ఆ సుఖం లేదు. రైలుకైతే 1900 నుంచీ హేవలాక్ వంతెన ఉండేది. రోడ్డున వచ్చినవాడికి మాత్రం గోదారే అడ్డం. లారీలూ కార్లూ పంటు ఎక్కాలి, మనుషులు లాంచీ ఎక్కాలి. పెళ్ళివారూ, కోర్టు పనుల మీద తిరిగేవాళ్ళూ, కోళ్ళబుట్టలూ, అరటి గెలలూ, అన్నీ మా లాంచీ మీదే.

అంతకు ముందు కాలమైతే చెప్పక్కర్లేదు. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలెట్టి 1852కి పూర్తిచేశాడని మీ పుస్తకంలో ఉంటుంది. కాలవలు పొలాలకి నీళ్ళివ్వడానికే తవ్వించాడనుకుంటారు మీరు. పడవలు తిరగడానికి కూడానర్రా! లేకపోతే ఆ లాకులెందుకు? కాకినాడలో సరుకు ఎక్కిస్తే కాలవలో ధవళేశ్వరం, అక్కడ నది దాటి విజ్జేశ్వరం, ఏలూరు కాలవలో పడి బెజవాడ, కృష్ణ దాటి కొమ్మమూరు కాలవ, ఆ తర్వాత బకింగ్‌హాం కాలవ. అలా నీళ్ళ మీదే మద్రాసు దాకా. మా తాత ఆ కాలవల గట్టున నడుస్తూ పడవకి తాడు లాగినవాడు. ఆయన కొడుకు, అంటే మా నాన్న, లాంచీ సరంగు అయ్యాడు. నేను కళాసీగా చేరాను. కళాసీ అంటే తాడు విసరడం, లంగరు దించడం, నీళ్ళు తోడిపోయడం, ఇసుక మేటలున్న చోట గెడ వేసి లోతు చూసి కేకెయ్యడం. ఎండాకాలంలో ఆ కేకలతోనే గొంతు పోయేది.

వంతెన వచ్చింది. జనం బస్సెక్కారు. జనాన్ని అనుకోవడమెందుకు, నేనూ ఎక్కాను. రేవులో లాంచీలు ఒక్కోటీ తగ్గిపోయాయి. కొన్ని ఎగువకి పోయాయి, పోలవరం, దేవీపట్నం, పాపికొండల వైపు. అక్కడ రోడ్లు లేని ఊళ్ళెన్నో, వాళ్ళకి లాంచీయే బస్సు. ‘అందాల రాముడు’ చూశారుగా, బాపూగారి సినిమా, 1973లో వచ్చింది. లాంచీ మీద గోదారిలో ఎగువకి భద్రాచలం ప్రయాణం. ఆ సినిమా చూసి లాంచీ ఎక్కాలని సరదాపడి వచ్చినవాళ్ళు మాకు చాలామంది తగిలారు.

మా ఓనరు గారి లాంచీకి ఆ అదృష్టం కూడా పట్టలేదు. అన్నదమ్ముల పంపకాల్లో కోర్టుకెక్కింది. తేలేదాకా ఎవరూ ముట్టుకోకూడదన్నారు. ఒడ్డు మీదకి లాగి, నిద్రగన్నేరు చెట్టు కింద దుంగల మీద నిలబెట్టారు. ఎండకి ఎండింది, వానకి తడిసింది, ఏళ్ళకి ఏళ్ళు. చివరికి ఒక తమ్ముడు గారు మిగతావాళ్ళ వాటా కొనుక్కుని, పాపికొండలకి తిప్పుదామని దించే ప్రయత్నం మొదలెట్టారు. ఇంజిను గురించే అందరికీ బెంగ. అది తెల్లారేసరికి తిరిగింది. ఇబ్బంది పెట్టింది ఎవరూ పట్టించుకోని స్టీరింగు.

దాని ఏర్పాటు చెప్తాను, బాగా వినండి. ముందు గదిలో సరంగు నిలబడే చోట నిలువుగా చక్రం ఉంటుంది. మా దానిది టేకు చక్రం, ఆకులకి పిడులు, మధ్యలో ఇత్తడి హబ్బు. ఆ హబ్బు ఒక ఉక్కు షాఫ్టు మీద కూర్చుంటుంది. షాఫ్టు చెక్కగోడ గుండా అవతలికి పోతుంది. అవతల దాని మీద పళ్ళచక్రం, పళ్ళ మీద చెయిను, చెయిను రెండు కొసలకీ ఇనుప వైరు. ఆ వైరు కప్పీల మీదుగా లాంచీ రెండు పక్కలా వెనక్కి పోయి చుక్కానిని అటూ ఇటూ లాగుతుంది. ఇంతే. నూనెలూ గొట్టాలూ ఏమీ లేవు. చుక్కాని మీద నీరు కొట్టే దెబ్బ సూటిగా సరంగు అరచేతికి తెలిసేది.

షాఫ్టు చెక్కగోడలో తిరిగే చోట ఒక బుష్షు ఉంటుంది. అది అరిగిపోయింది. చక్రం పట్టుకుని ఊపితే గలగలమంటోంది. పావుచుట్టు తిప్పినా చుక్కాని కదలడం లేదు. కొవ్వూరు రేవుకైతే అలాగే నెట్టుకురావచ్చు, గోదారి ఇక్కడ వెడల్పు. పాపికొండల్లో అలా కుదరదు. అక్కడ రెండు కొండల మధ్య నది ఇరుకైపోతుంది, లోతు పెరుగుతుంది, సుడులుంటాయి. సుడి అంచున పావుచుట్టు ఆలస్యమైతే ముక్కు ఎటు తిరుగుతుందో చెప్పలేం. బుష్షు మార్చకుండా లాంచీ ఎక్కనని మా నాన్న తెగేసి చెప్పాడు. బుష్షు మార్చాలంటే షాఫ్టు ఊడాలి, షాఫ్టు ఊడాలంటే ముందు చక్రం ఊడాలి. చక్రం రాదు.

ఎంత లాగినా రాదు. నట్టు వదులు చేశారు, అది సులువుగానే వచ్చింది. అందరూ సంతోషించారు. చక్రం మాత్రం కదల్లేదు. ఇద్దరు రెండు పక్కలా పట్టుకుని, కాళ్ళు గోడకి తన్ని లాగారు. రాలేదు. ఓనరు గారి బావమరిది ఒకాయన, బలం ఉన్నవాడు, గునపం తెచ్చి ఆకుల వెనక దూర్చి ఎత్తాడు. టేకు ఆకు ఒకటి నిలువునా చీలింది. అప్పుడు మా నాన్న గునపం లాక్కుని నీళ్ళలో పారేసి, “మేస్త్రీని పిలవండి” అన్నాడు. గునపం ఓనరు గారిది. ఆయన ఏమీ అనలేదు.

మేస్త్రీ గారు వచ్చారు. సన్నటి మనిషి, పంచె మోకాళ్ళ పైకి కట్టి, చెవి వెనక చుట్ట. పనిముట్ల సంచి కింద పెట్టారు గానీ విప్పలేదు. చక్రం ముందు పీట వేసుకుని కూర్చుని చూస్తున్నారు. పొద్దెక్కుతోంది, ఓనరు గారు అటూ ఇటూ తిరుగుతున్నారు. కాసేపటికి నన్ను పిలిచి, “అబ్బాయ్, ఈ చక్రాన్ని పట్టుకున్నదేంటి?” అని అడిగారు. “నట్టండీ” అన్నాను. “నట్టు విప్పేశారుగా, మరి ఇంకా ఎవరు పట్టుకున్నారు?”

అప్పుడు చెప్పారు. షాఫ్టు కొస తిన్నగా ఉండదట. లోపలివైపు లావు, బయటికి వచ్చేకొద్దీ సన్నం. దాన్ని టేపరు అంటారు. హబ్బు చిల్లి కూడా అదే వాలుతో ఉంటుంది. సీసాకి బిరడా నొక్కినట్టు, నట్టు బిగించేకొద్దీ హబ్బు లోపలికి ఎక్కి షాఫ్టుని కరుచుకుంటుంది. కరుచుకున్నాక నట్టు ఉన్నా లేకపోయినా ఒకటే. మధ్యలో చిన్న ఉక్కుముక్క, కీ, ఒక గాడిలో కూర్చుని చక్రం జారి తిరగకుండా చూస్తుంది. “తడి చేరి లోపల షాఫ్టు తుప్పుపట్టింది. ఇనుము తుప్పయితే దానికి చోటు ఎక్కువ కావాలి. చోటెక్కడిది? అందుకే హబ్బుని లోపలినుంచి తన్నుతోంది. పైన కనిపించే ఈ పచ్చ చిలుముతో మనకి పనిలేదు.”

“మరి లాగితే ఎందుకు రాలేదండీ?” అన్నాడు బావమరిది గారు.

“మీరు లాగింది చక్రం అంచునండీ. కరుచుకున్నది మధ్యలో. మీ బలమంతా ఆకులు వంచడానికే పోయింది.”

ఇక పని మొదలెట్టారు. ముందు లాంచీ వెనక్కి వెళ్ళి చుక్కాని తిన్నగా ఉందో లేదో చూసి, చక్రం పైనున్న పిడికి నూలు కట్టించారు. తర్వాత షాఫ్టు కొస మీదా, హబ్బు మీదా ఎదురెదురుగా పంచితో ఒక్కో చుక్క కొట్టారు. మళ్ళీ బిగించేటప్పుడు అటూ ఇటూ కాకుండా. చిన్న పనే గానీ చాలామంది ఇది మరిచిపోతారు. ఆ తర్వాత చుక్కాని తిన్నగా ఉంటే చక్రం వంకరగా ఉంటుంది, సరంగు జీవితాంతం తిట్టుకుంటాడు.

విప్పిన నట్టుని మళ్ళీ ఎక్కించారు! మేమంతా తెల్లబోయాం. పూర్తిగా బిగించలేదులే. నట్టు పైభాగం షాఫ్టు కొసతో సమానంగా వచ్చేదాకా తిప్పి ఆపారు. నట్టుకీ హబ్బుకీ మధ్య కొంచెం సందు వదిలారు. ఎందుకో అప్పుడు చెప్పలేదు. కిరసనాయిలులో కాస్త గేరునూనె కలిపారు. షాఫ్టు అడ్డంగా ఉంది కదా, పోస్తే కారిపోతుంది. మా అమ్మ దీపారాధనకి పెట్టుకున్న దూది అడిగి తెమ్మన్నారు. ఆ దూదిని పొడుగు వత్తి చేసి షాఫ్టూ హబ్బూ కలిసే చోట చుట్టూ తిప్పి కట్టి, నన్ను పక్కన కూర్చోబెట్టి, వత్తి ఆరకుండా చుక్కచుక్కా వేస్తూ ఉండమన్నారు. వేశాను. ఆ పూటంతా వేశాను. మా అమ్మ దూది సంగతి చాలాకాలం ఎత్తిపొడిచింది.

మామూలుగా అయితే పుల్లరు అని ఒకటుంటుంది, దాని కొక్కేలు హబ్బు వెనక తగిలించి మధ్య మర తిప్పితే లాగేస్తుంది. మా చక్రం గోడకి అంటిపెట్టుకుని ఉంది. వెనక వేలు కూడా దూరదు. ఆకులకి తగిలిద్దామా అన్నారెవరో. మేస్త్రీ గారు ఆయన వంక చూసిన చూపుకి ఆయన టీ తాగడానికి వెళ్ళిపోయాడు.

లేతు షాపులో ఒక ఇనుప పలక చేయించారు, బొటనవేలంత మందం. మధ్యలో మరలు కోసిన చిల్లి, దాంట్లో లావుపాటి బోల్టు. రెండు చివర్లా రెండు చిల్లులు. గుండెకి ఆనించి చేత్తో తిప్పే డ్రిల్లు ఉండేది ఆ రోజుల్లో. దాంతో ఇత్తడి హబ్బు ముఖం మీద షాఫ్టుకి అటొకటి ఇటొకటి చిల్లులు వేసి, వాటిల్లో ట్యాపుతో మరలు కోశారు. ఓనరు గారికి ప్రాణం పోయినంత పనైంది. “మేస్త్రీ గారూ, మా నాన్నగారి కాలం నాటి ఇత్తడండీ, చిల్లులు పెట్టేస్తున్నారేంటండీ!” మేస్త్రీ గారు డ్రిల్లు ఆపలేదు.

రెండు బోల్టులతో పలకని హబ్బుకి బిగించారు. మధ్య బోల్టు కొసని షాఫ్టు నడిమధ్య ఉన్న చిన్న గుంటలో కూర్చోబెట్టారు. షాఫ్టుని లేతు మీద తిప్పినప్పుడు పడిన గుంట అది. ఇక పానా వేసి మధ్య బోల్టు తిప్పడమే. బోల్టు షాఫ్టుని లోపలికి తోస్తుంది, పలక హబ్బుని బయటికి లాగుతుంది. లాగుడంతా ఇప్పుడు సరిగ్గా కరుచుకున్న చోటే పడుతోంది. బిగిస్తూ పోయారు. కిర్రుమంది. ఆపేశారు. ఇంకొంచెం తిప్పండి, వచ్చేస్తుందని అందరం అరిచాం. ఆయన పానా సంచిలో పెట్టుకుని, “రాత్రికి అలా ఉండనివ్వండి” అని ఇంటికి వెళ్ళిపోయారు. మాకు ఒళ్ళు మండింది. ఇప్పుడు అర్థమవుతుంది. అంత బిగుతు మీద ఇంకా తిప్పితే మెత్తటి ఇత్తడిలో కోసిన మరలు తెగిపోయి ఊడొచ్చేవి, చక్రం అక్కడే ఉండేది. బిగుతుని అలా పెట్టి ఉంచితే నూనె లోపలికి పాకడానికి సందు దొరుకుతుంది.

మర్నాడు వచ్చి ముందు వత్తి తీయించారు, చుట్టూ నూనె గుడ్డతో శుభ్రంగా తుడిపించారు. కింది పలకలు ఎత్తించి అడుగున డీజిలు చేరిందేమో చూసి, నీళ్ళ బిందెలు పక్కన పెట్టించారు. అంతా చూసుకున్నాకే బ్లోలాంపు వెలిగించారు. తడి గోనెపట్టాలు టేకు ఆకులకి చుట్టారు, మంట హబ్బుకి మాత్రమే తగిలేలా. ఇక్కడ ఒక కిటుకు ఉంది. వేడికి ఉక్కు ఎంత సాగుతుందో ఇత్తడి దానికి ఒకటిన్నర రెట్లు సాగుతుంది. ఇత్తడి బయట, ఉక్కు లోపల. బయటిది ఎక్కువ సాగితే పట్టు వదులుతుంది. హబ్బు ఉక్కుదై ఉంటే ఇంత లాభం ఉండేది కాదు. త్వరగా కాల్చాలి, లోపలి షాఫ్టుకి వేడి పాకేలోపే.

వేడెక్కాక నన్ను రమ్మన్నారు. నా చేతికి సమ్మెట ఇచ్చి హబ్బుకి ఒక పక్కన ఆనించి పట్టుకోమన్నారు, కొట్టొద్దు, ఊరికే పట్టుకో అన్నారు. ఎదురు పక్కన ఆయన రాగి సుత్తితో కొట్టారు. ఠంగ్. కొంచెం పక్కకి జరిగి మళ్ళీ. చుట్టూ అలాగే. తర్వాత మధ్య బోల్టు ఇంకో పిసరు బిగించి, దాని తల మీద ఒక్క దెబ్బ వేశారు.

టప్‌మంది. చక్రం గభాల్న ముందుకి దూకి నట్టుకి తగిలి ఆగిపోయింది.

అప్పుడు తెలిసింది నట్టు ఎందుకు మళ్ళీ ఎక్కించారో. అది లేకపోతే అంత బరువూ మీదకి వచ్చి ఆయన గడ్డమో నా పళ్ళో పోయేవి. దానికి తోడు, కొస దెబ్బతినకుండా షాఫ్టు మరలకి కాపలా కూడా.

చల్లారాక చక్రం దించి షాఫ్టు చూశాం. అసలు సంగతి అక్కడ బయటపడింది. టేపరు మీద ఒక పక్కన నలిగిపోయిన రేకుముక్క! ఏ నూనె డబ్బాదో. ఎప్పుడో హబ్బు వదులైతే ఎవరో మహానుభావుడు దాన్ని సరిచేయకుండా రేకు దూర్చి నట్టు బిగించేశాడు. ఆ రేకు ముడతపడి ఇత్తడిలోకి దిగబడింది, దాని పక్కన ఏర్పడిన సందులో తడి నిలిచింది, అక్కడే తుప్పు ఎక్కువ. చెట్టు కింద ఖాళీగా ఉన్న ఏళ్ళలో మిగతాది అయింది. మేస్త్రీ గారు ఆ రేకుని గోటితో పీకి, అందరికీ చూపించి, ఓనరు గారి చేతిలో పెట్టారు. మా నాన్నకి అది ఎవరి పనో తెలుసనుకుంటాను. పైకి అనలేదు గానీ ఆ సాయంత్రం ఒకరింటికి వెళ్ళి గట్టిగా మాట్లాడి వచ్చాడు.

తర్వాత పని సులువు. షాఫ్టుకి దీపం మసి నూనెలో కలిపి పల్చగా రాసి హబ్బు ఎక్కించి తీస్తే మసి ఎక్కడ అంటిందో అక్కడే ఆనుతున్నట్టు. మొదట రెండు చోట్లే అంటింది. వాల్వులు రుద్దే పేస్టు పెట్టి రుద్ది రుద్ది చుట్టూ సమానంగా అంటేదాకా చేశారు. కొత్త బుష్షు వేశారు, కొత్త కీ వేశారు. టేపరు పొడిగానే బిగించాలనేవాళ్ళు ఉన్నారు, ఈయన మాత్రం వేలి కొసతో గ్రీజు పల్చగా రాశారు. చీలిన ఆకు మార్చడానికి వడ్రంగి తీసుకున్న రోజుల్లో సగం కూడా మేస్త్రీకి పట్టలేదు.

ఇదంతా ఇవాళ ఎందుకు గుర్తొచ్చిందంటే, మిచిగన్‌లో ఉన్న మీ అన్న పాత పడవ ఒకటి కొన్నాడు. క్రిస్‌క్రాఫ్ట్ అట, 1950ల నాటి మహాగనీ చెక్క మోటారు పడవ. అక్కడ అల్గోనాక్ అనే ఊళ్ళో, సెయింట్ క్లెయిర్ నది ఒడ్డున ఆ పడవలు తయారయ్యేవట. వాడికీ స్టీరింగు రావడం లేదు. నిన్న ఫోన్లో చూపించాడు. పుల్లరు కొక్కేలు ఎక్కడ తగిలించాడనుకున్నారు? ఆకులకి! తీసెయ్యరా ముందు అని అరిచాను, మీ బామ్మ ఉలిక్కిపడి లేచింది.

వాడికి మంట మాత్రం వద్దని చెప్పాను. మాది డీజిలు, వాడిది పెట్రోలు ఇంజిను. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, పడవ అడుగున చేరి కూర్చుంటుంది, కంటికి కనపడదు. పైగా వాడి చక్రం అంచు గట్టి ప్లాస్టిక్కు, వేడికి పగులుతుంది. మరిగే నీళ్ళలో గుడ్డ ముంచి హబ్బుకి చుట్టు, చల్లారితే మార్చు, మధ్యలో బిగించు అన్నాను. హారను వైరుందట, ముందు బ్యాటరీ తీసెయ్యమన్నాను. కొన్ని పాత పడవల్లో స్టీరింగు మధ్యలోనే ఇంజిను వేగం పెంచే మీట ఉంటుంది, దాని కడ్డీ షాఫ్టు లోపలినుంచి కిందికి పోతుంది. అలాంటిదైతే కింద విప్పకుండా పైన లాగితే కడ్డీ వంగుతుంది. చూసి చెప్తానన్నాడు.

ఆ చిల్లుల సంగతి చెప్పలేదు కదూ. ఓనరు గారు పని అయ్యాక కూడా వాటినే చూస్తూ నసిగారు, సీసం పోసి పూడ్చెయ్యమన్నారు. మేస్త్రీ గారు ఒప్పుకోలేదు. వాటిల్లో గ్రీజు కూరి, రెండు ఇత్తడి స్క్రూలు బిగించి, తలలు ఆకురాయితో హబ్బుకి సమంగా రాసేశారు. చేత్తో తడిమితే తప్ప తెలియదు. పలక నా చేతికిచ్చి దాచమన్నారు. 1986 ఆగస్టులో పెద్ద వరద వచ్చిందిగా, భద్రాచలం దగ్గర 75.6 అడుగులు, ఆ వరదకి మా లాంచీ కూడా బురదలో కూరుకుపోయింది. బుష్షులో ఇసుక చేరి మళ్ళీ మార్చాల్సి వచ్చింది. అప్పటికి మేస్త్రీ గారు లేరు. నేను స్క్రూలు రెండూ విప్పి, అదే పలక బిగించి, అదే బోల్టు తిప్పాను. టీ కొట్టువాడు గ్లాసు తెచ్చేలోగా చక్రం నట్టు మీదకి వచ్చి కూర్చుంది.

ఆ పలక అటక మీద ఆకుపచ్చ పెట్టెలో ఉంది. పొద్దున్నే ఎవరైనా ఎక్కి దించండి, ఫొటో తీసి మీ అన్నకి పంపుదాం. పక్కన స్కేలు పెట్టి తీయండి. కొలత తెలియకపోతే అక్కడి లేతువాడు వాడికి పళ్ళెమంత చేసిచ్చి డబ్బులు తీసుకుంటాడు.